మీ మడే ప్రయోగశాల: చూసింది రాసుకుంటేనే శాస్త్రం

మహమ్మద్ నగర్ (బాన్సువాడ): కొత్త వంగడం, కొత్త పనిముట్టు, కొత్త పద్ధతి అనగానే అవన్నీ పెద్ద చదువులు చదివినవాళ్లే కనిపెడతారని, మనం వాడుకోవడమే తప్ప చేసేదేమీ లేదని చాలామంది రైతులు అనుకుంటారు. అది నిజం కాదు. వరిలోనూ, నీటి యాజమాన్యంలోనూ, పనిముట్లలోనూ పరిశోధన కేంద్రాల గేటు దాటని మనుషులు కనిపెట్టినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ మన అంగళ్లలో సంచుల మీద పేరుగా కనిపిస్తూనే ఉంది.

అయితే రెండో మాట కూడా చెప్పుకోవాలి. రైతు చెప్పిందల్లా శాస్త్రం అయిపోదు. పక్కోడు ఏదో ద్రావణం కొట్టాడు, చేను బాగా పండింది. ఆ ద్రావణంతోనే పండిందా, ఆ ఏడు వానలతో పండిందా, ఆ చెలకలో అంతకుముందు మేకల మంద కట్టినందుకు పండిందా? ఇది తేల్చుకోకుండా ఊరంతా అదే కొడితే డబ్బులు పోయేది ఎకరం, రెండెకరాల రైతుకే. పెద్ద రైతు ఒక కారు పంట పోయినా తట్టుకుంటాడు. చిన్న రైతుకు అప్పు మిగులుతుంది.

కాబట్టి ఈ వారం రెండు సంగతులు తెలుసుకుందాం. బయటి మనుషులు శాస్త్రాన్ని ఎలా పుట్టించారు? మహమ్మద్ నగర్ చుట్టుపక్కల కాలువ కింద, బోర్ల కింద వరి వేసే మీరు ఎక్కువ ఖర్చు లేకుండా మీ మడిలోనే ఒక మాట నిజమో కాదో ఎలా తేల్చుకోవచ్చు?

మూడు కంకుల నుంచి హెచ్ఎంటీ

హెచ్ఎంటీ సన్నాల పేరు వినని రైతు ఉండడు. ఆ వరి ఏ విశ్వవిద్యాలయంలోనూ పుట్టలేదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ అనే పల్లెలో దాదాజీ రామాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు పొలంలో పుట్టింది. మనకు పక్కనే ఉన్న నాందేడ్ పట్టణం వేరు, ఈ పల్లె వేరు. ఆయన చదువు ప్రాథమిక బడితోనే ఆగింది.

1983లో ఆయన పటేల్-3 అనే రకం వేశాడు. కోతల ముందు చేను చూస్తుంటే మూడు కంకులు మిగతావాటికన్నా వేరుగా, గింజ పసుపు రంగులో కనిపించాయి. చాలామంది వీటిని బెరుకులని తీసేస్తారు, లేదా పట్టించుకోకుండా కల్లంలో కలిపేస్తారు. ఆయన ఆ మూడు కంకులను విడిగా తెంపి దాచాడు. మరుసటి ఏడు పొలం నడుమ చిన్న జాగాలో వేశాడు. అడవి దగ్గరి పొలం, పందుల బెడద ఉంది. అందుకని చుట్టూ ముళ్లకంప వేసి కాపాడుకున్నాడు. వచ్చిన గింజను మళ్లీ వేరుగానే ఉంచాడు. ఇలా ఏడాది తర్వాత ఏడాది వేస్తూ, ఒకే తీరుగా వచ్చిన మొక్కలను ఎంచుకుంటూ పోయాడు. కొన్నేళ్లకు తోటి రైతులకు ఇచ్చేంత విత్తనం తయారైంది.

1990 ప్రాంతంలో ఆ విత్తనంతో పండిన వడ్లు బజారుకు వచ్చాయి. గింజ సన్నం, వండితే అన్నం బాగుంది. ఈ రకానికి పేరే లేదు. అప్పట్లో అందరి మోజూ హెచ్ఎంటీ చేతిగడియారం మీద ఉండేది కాబట్టి వ్యాపారులు ఆ పేరే పెట్టేశారు. అలా ఒక రైతు విత్తనం గడియారం పేరుతో అయిదారు రాష్ట్రాలకు పాకింది.

ఇక్కడి నుంచి కథ మరో మలుపు తిరిగింది. 1994లో అకోలాలోని పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన సిందేవాహి వరి పరిశోధన కేంద్రం ఆయన దగ్గర 5 కిలోల విత్తనం తీసుకుంది. 1998లో పీకేవీ-హెచ్ఎంటీ పేరుతో ఒక రకం విడుదలైంది. హెచ్ఎంటీ నుంచి శుద్ధ వరసను ఎంపిక చేసి, కల్తీ లేకుండా చేశామన్నది విశ్వవిద్యాలయం మాట. మూల విత్తనం తనదైనప్పుడు పేరూ ప్రతిఫలమూ తనకు దక్కాలి కదా అన్నది దాదాజీ బాధ. 2005లో జాతీయ నవకల్పన సంస్థ ఆయనను సత్కరించింది, రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా పురస్కారం అందింది. దాదాజీ ఆ తర్వాత కూడా ఇంకొన్ని వరి రకాలు తీశాడు. కానీ పేదరికం ఆయనను వదల్లేదు. 2018 జూన్ 3న కన్నుమూశాడు.

ఈ కథలో మనం నేర్చుకోవాల్సినవి రెండు. ఒకటి, వేరుగా కనిపించిన దాన్ని వేరుగా దాచి, వేరుగా వేసి, ఏళ్ల తరబడి చూడటమే ఆయన చేసిన పరిశోధన. దానికి యంత్రాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. రెండు, విత్తనం చేయి మారేటప్పుడు చేతిలో కాగితం లేకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా కష్టమే. ఈ రెండో సంగతికి చివర్లో మళ్లీ వద్దాం.

ఒక హెచ్చరిక: సంచి మీద హెచ్ఎంటీ అని రాసి ఉన్నంత మాత్రాన లోపలున్నది ఆ రకమే అని కాదు. సన్న గింజ ఏదైనా ఆ పేరుతో అమ్ముడుపోతోంది. విత్తనంగా కొనేటప్పుడు రసీదు, లాట్ నంబరు చూసి తీసుకోండి.

పాదిరి కనిపెట్టిన 'శ్రీ' వరి

మన దగ్గర కొన్నేళ్లపాటు ఊరూరా వినిపించిన 'శ్రీ' వరి కూడా పరిశోధన కేంద్రం బయట పుట్టిందే. ఆఫ్రికా పక్కన మడగాస్కర్ అనే దీవి ఉంది. అక్కడి జనానికి కూడా అన్నమే తిండి. అన్రీ ద లొలానియే అనే ఫ్రెంచి క్రైస్తవ పాదిరి అక్కడ రైతుల మధ్య ఏళ్లకేళ్లు ఉండి, వాళ్లు చేసే పనులను గమనిస్తూ వచ్చాడు. ఒకరు కుదురుకు ఒక్కటే మొక్క పెడుతున్నారు. ఇంకొకరు మడిని ఆరబెట్టి మళ్లీ తడి పెడుతున్నారు. వీటిని ఆయన ఒకచోట చేర్చి చూశాడు. 1983లో తాను నడిపే బడిలో, వేళ మించిపోతోందని బాగా లేత నారు నాటాల్సి వచ్చింది. ఆ నారు ఊహించనన్ని పిలకలు వేసింది. లేత నారు సంగతి అలా అనుకోకుండా బయటపడింది.

పద్ధతి మీలో చాలామందికి తెలిసిందే. 8 నుంచి 12 రోజుల నారు, కుదురుకు ఒక్క మొక్క, అటూ ఇటూ 25 సెంటీమీటర్ల ఎడం, నిలువ నీరు పెట్టకుండా ఆరుతడి, పది రోజులకోసారి వీడర్ తిప్పి కలుపును మట్టిలో కలపడం. ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. మామూలుగా నాటితే 20 కిలోలకు పైగా కావాలి.

మన ఉమ్మడి రాష్ట్రంలో ఇది 2003లో అడుగుపెట్టింది. అప్పటి ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉన్న డాక్టర్ ఆలపాటి సత్యనారాయణ శ్రీలంకలో ఈ వరిని కళ్లారా చూసి వచ్చి, ఆ వానాకాలంలోనే జిల్లాల్లో రైతుల పొలాల్లో పరీక్షలు పెట్టించారు. అంటే బయట పుట్టిన ఆలోచనను విశ్వవిద్యాలయం తోసిపుచ్చలేదు, మడిలోకి తెచ్చి చూసింది. కావాల్సింది ఇదే.

అదే సమయంలో ప్రపంచంలో పేరున్న వరి శాస్త్రవేత్తలు కొందరు దీన్ని గట్టిగా ప్రశ్నించారు. మడగాస్కర్ నుంచి వచ్చిన భారీ దిగుబడి లెక్కలు కుదిరేవి కావని, కొలతల్లో తప్పు ఉండవచ్చని రాశారు. వాదన చాలా ఏళ్లు నడిచింది. ఈ వాదనలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. చిన్న ముక్క కోసి, దాన్ని ఎకరానికి లెక్కగట్టేటప్పుడు ఏ ముక్క కోశామన్నదే అసలు సంగతి. గెట్టు పక్కన గాలీ వెలుతురూ ఎక్కువ తగిలి దుబ్బులు బలంగా ఉంటాయి. అక్కడ కోసి లెక్కగడితే ఎవరికైనా రికార్డు దిగుబడే వస్తుంది.

విత్తనం, నీరు ఆదా అవుతాయన్న దాని మీద పెద్దగా పేచీ లేదు. కష్టం మరోచోట వచ్చింది. మడి అద్దంలా చదునుగా ఉండాలి. లేత నారు ఒక్కొక్కటి పెట్టే అలవాటు నాటు కూలీలకు లేదు. బంకమట్టిలో వీడర్ నెట్టడం తేలిక కాదు. కాలువ కింద పై మడి నుంచి కింది మడికి నీరు పారే చోట ఆరుతడి ఒక్కరి చేతిలో ఉండదు. అందుకే చాలామంది రైతులు మొత్తం పద్ధతిని వదిలేసినా, తక్కువ విత్తనం, లేత నారు, మధ్యమధ్య ఆరబెట్టడం లాంటి ముక్కలను మాత్రం ఉంచుకున్నారు. ఇదీ ఒక పరిశోధనే. తనకు పనికొచ్చే ముక్క ఏదో రైతే తేల్చుకున్నాడు.

ఏడేళ్ల పట్టుదల: ఆసు యంత్రం

పనిముట్ల విషయానికి వస్తే చింతకింది మల్లేశం గురించి చెప్పుకోవాలి. ఆలేరు దగ్గరి శారాజీపేట ఊరు, చేనేత కుటుంబం, చదువు ఆరో తరగతి. పోచంపల్లి చీరకు నేతకు ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు దారాన్ని మేకుల చుట్టూ సుమారు 9 వేల సార్లు చేత్తో తిప్పాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక 1992లో యంత్రం చేయాలని మొదలుపెట్టాడు. ఒక్కో కదలికను విడదీసి, ఒక్కో భాగం చేసుకుంటూ, చేతిలో డబ్బు అయిపోతే ఆపి, కూడగట్టుకుని మళ్లీ మొదలుపెడుతూ 1999 నాటికి పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

రైతుకు ఇందులో ఉన్న పాఠం ఏమిటంటే, పెద్ద కష్టాన్ని ఒకేసారి పట్టుకోకుండా చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను సరిచేసుకుంటూ పోవడం. మడిలో పరీక్ష పెట్టినా ఇదే సూత్రం. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

పరీక్ష ఎలా పెట్టాలి?

మీ మనసులో ఉన్న ఒక ప్రశ్న తీసుకోండి. ఉదాహరణకు, వరికి ఎకరాకు మూడు బస్తాల యూరియా వేసే అలవాటు ఉంది. ఒక బస్తా తగ్గిస్తే దిగుబడి పడిపోతుందా? దీన్ని తేల్చడానికి ఆరు గుంటల జాగా చాలు.

1. మడులు చేసుకోండి. ఒక గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. ఇలాంటి మడులు ఆరు కావాలి. మూడింటికి అలవాటు ప్రకారం, మూడింటికి తగ్గించి వేస్తారు. ఒక్కో మడి చాలదా అంటే చాలదు. కాలువ పక్క మడి, కొసన ఉన్న మడి ఒక్క తీరుగా పండవని మీకే తెలుసు. పెంట కుప్ప పోసిన జాగా ఏళ్ల తరబడి పచ్చగానే ఉంటుంది. మూడేసి మడులు ఉంటే ఈ తేడాలు కొంత సర్దుకుంటాయి.

2. చీటీలు వేయండి. ఏ మడికి ఏది అన్నది మీ ఇష్టానికి వదలొద్దు. తెలియకుండానే మంచి మడికి మనకు నచ్చినదే వేస్తాం. ఆరు చీటీలు రాసి పిల్లలతో తీయించండి. వచ్చిన ప్రకారమే వేయండి. మడి మూలన కర్ర పాతి నంబరు కట్టండి.

3. నీళ్లు కలవనీయకండి. మడి నుంచి మడికి నీరు పారితే ఎరువు కూడా పారుతుంది. ఒక్కో మడికి గట్టు గట్టిగా వేసి, నీరు పక్క బోదె నుంచి విడిగా పెట్టండి. యూరియా వేసిన రోజు మడవలు మూసి ఉంచండి.

4. తూకం వేసి చల్లండి. బస్తా 45 కిలోలు. మూడు బస్తాల లెక్కన గుంటకు 3 కిలోల 375 గ్రాములు, రెండు బస్తాల లెక్కన 2 కిలోల 250 గ్రాములు. మూడు దఫాలుగా వేస్తే మొదటిదానికి దఫాకు 1,125 గ్రాములు, రెండోదానికి 750 గ్రాములు. గుప్పిట లెక్క పనికిరాదు. కిరాణా తక్కెడ తెచ్చుకోండి.

5. మిగతాదంతా ఒక్కటే. రకం, నారు వయసు, నాటిన రోజు, కలుపు, మందు ఆరు మడులకూ ఒకేలా ఉండాలి. ఒకదానికి యూరియాతోపాటు జింకు కూడా మారిస్తే, తేడా దేనివల్ల వచ్చిందో దేవుడికి కూడా తెలియదు.

6. నడుమ కోయండి. హార్వెస్టర్ రాకముందే ప్రతి మడి నడిబొడ్డున 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు తాడు కట్టి, అంతవరకే కొడవలితో కోసి విడిగా నూర్చండి. గట్ల పక్క దుబ్బులు లెక్కలోకి రాకూడదు. ఆరు కుప్పలూ ఒకే రోజు ఒకే ఎండలో ఆరబెట్టి, తాలు పోయేలా తూర్పారబట్టి తూకం వేయండి. వీలైతే కొనుగోలు కేంద్రంలో తేమ చూపించండి. వచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది.

7. ఏ రోజుది ఆ రోజే రాయండి. బడి పిల్లల నోటుబుక్కు ఒకటి చాలు. నాటిన తేదీ, వేసినది, వాన పడిన రోజు, పురుగు కనిపించిన రోజు, చివరి తూకం. నెల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసింది లెక్క కాదు.

లెక్క చూడటం ఇలా

కింది అంకెలు ఎవరి పొలంలోవీ కావు, లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మూడు బస్తాల మడుల్లో 17.0, 15.2, 16.0 కిలోలు వచ్చాయనుకుందాం. సగటు 16.07. రెండు బస్తాల మడుల్లో 16.5, 15.4, 15.1 వచ్చాయి. సగటు 15.67. తేడా 400 గ్రాములు, అంటే ఎకరాకు సుమారు 65 కిలోలు.

ఇప్పుడు తొందరపడొద్దు. ఒకే మోతాదు వేసిన మూడు మడుల మధ్యే 15.2 నుంచి 17.0 దాకా, అంటే 1.8 కిలోల తేడా ఉంది. అది నేల తేడా. అంత తేడా నేలలోనే ఉన్నప్పుడు 400 గ్రాములు యూరియా తగ్గినందుకే వచ్చిందని చెప్పలేం. అలాగని తేడా లేనే లేదని కూడా చెప్పలేం. బస్తా యూరియా 266 రూపాయల 50 పైసలు. 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఆ 65 కిలోలు నిజంగానే తగ్గేవైతే, 266 మిగుల్చుకోబోయి 1,500కు పైగా పోగొట్టుకున్నట్టే.

మరి ఏం చేయాలి? మళ్లీ చేయాలి. యాసంగిలో ఒకసారి, వచ్చే వానాకాలంలో ఒకసారి. ఇంకా మంచిది, ఊళ్లో నలుగురు రైతులు ఒకే పద్ధతిలో ఒకే సీజన్‌లో పెట్టుకోవాలి. నాలుగు చోట్లా తేడా ఒకే వైపు వస్తే నమ్మొచ్చు. ఒకచోట ఇటు, ఒకచోట అటు వస్తే ఆ తేడా నేలదే అనుకోవాలి. ఒకచోట కోసిన ముక్కతో ఊరంతా మారిపోవద్దు. ఇందులో మీరు ఒడ్డేది మూడు గుంటలే. ఆ మూడింట్లో సగం పంట పోయినా పోయేది క్వింటాలు లోపే. తెలియకుండా ఎకరమంతా మార్చి పోగొట్టుకునేదానితో పోలిస్తే అది ఎంత?

దుకాణంలో అమ్మే బలం మందులకు కూడా ఇదే పరీక్ష పెట్టండి. పంట పెరుగుదలకని అమ్మే బయో స్టిమ్యులెంట్లను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. లేబుల్, రసీదు లేనిది కొనొద్దు. ఉన్నదాన్ని కూడా మూడు గుంటల్లో కొట్టి, మూడు గుంటల్లో ఉత్త నీళ్లు కొట్టి చూసుకున్నాకే ఎకరాలకు పొండి.

వేరుగా కనిపించిన కంకి దొరికితే

కోతల ముందు చేను మొత్తం ఒకసారి తిరిగి చూడండి. పడిపోయిన చేలో నిలబడిన దుబ్బు, తెగులు తగిలిన చోట ఆకు పచ్చగా ఉన్న దుబ్బు, గింజ సన్నమైన కంకి కనిపిస్తే తోటివాటితో కలపకండి. ఇలా చేయండి.

ఒక్కో కంకిని ఒక్కో కాగితం సంచిలో వేసి, తేదీ, పొలం, రకం పేరు, ఎందుకు తీశారో రాయండి. మరుసటి సీజన్‌లో ఒక్కో కంకి గింజలతో విడివిడిగా నారు పోసి, కుదురుకు ఒక్క మొక్క చొప్పున ఒక్కో కంకికి ఒక్కో వరస నాటండి. పక్కనే మీ పాత రకం కూడా ఒక వరస నాటండి. పక్క రకాలకు కనీసం మూడు మీటర్ల ఎడం ఉంచండి. వరి ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి ఈ ఎడం చాలు.

వరసలో మొక్కలన్నీ ఒక్క తీరుగా ఉంటే ఆ కంకి నిలకడైనదే. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి ముందు, ఒకటి వెనక ఈనితే అది ఇంకా విడిపోతోంది. అందులో మంచి దుబ్బులను మాత్రమే మళ్లీ తీసి మళ్లీ వేయాలి. నాలుగైదు పంటలైనా పట్టొచ్చు. కొన్నిసార్లు అది కొత్తదే కాదు, కల్లంలో కలిసిన మరో పాత రకం అని తేలుతుంది. నిరాశ పడనక్కర్లేదు, తేలడమే లాభం.

హైబ్రిడ్ చేలో నుంచి విత్తనం తీసి అదే పంట వస్తుందని ఆశపడకండి. హైబ్రిడ్ గింజ మరుసటి పంటలో రకరకాలుగా విడిపోతుంది.

ప్రయోగం పేరుతో చేయకూడనివి

రెండు మూడు పురుగుమందులను సొంతంగా కలిపి కొట్టి చూడటం ప్రయోగం కాదు, ప్రాణంతో చెలగాటం. అడవి పందులకని తీగకు కరెంటు పెట్టడం నేరం. ఆ తీగకు తగిలి రైతులే చనిపోయిన సంఘటనలు మన రాష్ట్రంలో చాలా జరిగాయి. పాత చీరలు కట్టడం, చప్పుడు చేసే డబ్బాలు పెట్టడం లాంటివి ఎన్నైనా పరీక్షించండి. ఏ వైపు కట్టినప్పుడు పందులు వచ్చాయి, ఎన్ని రోజులకు అలవాటు పడ్డాయి అని రాసుకోండి. అది పక్క రైతుకు పనికొచ్చే సమాచారం. ఇక కొత్తదేదైనా ఇల్లు గడిచే పంట మొత్తం మీద మొదటి ఏడే పెట్టకండి.

మీ పేరు మీకు దక్కాలంటే

దాదాజీ విత్తనం చేయి మారిన నాటికి మన దేశంలో రైతు రకాలకు రక్షణ ఇచ్చే చట్టం లేదు. 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం వచ్చింది. అందులో చిన్న రైతు తెలుసుకోవాల్సినవి ఇవి.

రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ ఉన్న రకాన్ని మాత్రం బ్రాండు పేరుతో ప్యాక్ చేసి అమ్మకూడదు. రైతు తీసిన రకాన్ని 'రైతు రకం'గా తన పేరు మీద నమోదు చేయించుకోవచ్చు. పొలం పంటలకు ఈ రక్షణ 15 ఏళ్లు. రైతుకు రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. ఆ రకం మిగతావాటికన్నా వేరుగా, ఒకే తీరుగా, నిలకడగా ఉందా అని చూస్తారు. మీ నోటుబుక్కు అక్కరకొచ్చేది ఇక్కడే. దరఖాస్తు ఢిల్లీలోని ఈ చట్టం కింది ప్రాధికార సంస్థకు వెళ్తుంది. జిల్లా వ్యవసాయాధికారి ధ్రువీకరణ తీసుకోవచ్చు.

పనిముట్టు లేదా యంత్రం చేస్తే పేటెంటుకు వీలుంది. సాగు పద్ధతికి, విత్తనానికి మన దేశంలో పేటెంటు ఇవ్వరు. యంత్రం సంగతి నలుగురికీ చూపించి, పత్రికల్లో వేయించుకున్నాక దరఖాస్తు పెడితే చిక్కులు వస్తాయి. ముందు దరఖాస్తు, తర్వాతే ప్రదర్శన. ఇందులో దారి చూపడానికి 2000లో ఏర్పడిన జాతీయ నవకల్పన సంస్థ గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉంది. హైదరాబాద్‌లో 'పల్లె సృజన' అనే స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో కొత్త పనిముట్లు చేసినవాళ్లను వెతికి సాయపడుతోంది.

విత్తనం లేదా నమూనా ఎవరికి ఇచ్చినా, అది అధికారి అయినా, కంపెనీ మనిషి అయినా, బంధువు అయినా, ఒక తెల్ల కాగితం మీద తేదీ, ఎంత ఇచ్చింది, ఎందుకు ఇచ్చింది రాసి సంతకం తీసుకోండి. ఇద్దరు సాక్షులను పెట్టండి. సంతకం అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడితే నష్టం మీకే.

అధికారుల్ని దూరం పెట్టకండి

బయట పుట్టిన శాస్త్రం అంటే శాస్త్రవేత్తలతో పోటీ అని కాదు. తెగులు పేరు చెప్పడం, మట్టి పరీక్ష, గింజలో బియ్యం శాతం తీయడం ఇవన్నీ ఇంట్లో చేసేవి కావు. మనకు దగ్గర్లోనే రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది. ఊరి రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి అందుబాటులో ఉంటారు. ఉత్త చేతులతో పోయి 'పంట బాగాలేదు సార్' అంటే వాళ్లు కూడా అంచనాతోనే చెప్తారు. ఆరు మడుల లెక్క, తేదీలు, తూకాలు చేతిలో పెట్టుకుని పోతే మాట తీరే మారుతుంది. అప్పుడు మీరు సలహా అడిగే రైతు మాత్రమే కాదు, సమాచారం తెచ్చిన రైతు.

ఈ సీజన్‌కు ఒకే ప్రశ్న, ఆరు గుంటలు, ఒక తక్కెడ, ఒక నోటుబుక్కు. ఇంతే పెట్టుబడి. ప్రశ్న ఏదన్నది నాట్లకు ముందే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. నాట్లు, కలుపు పనుల్లో ఎక్కువసేపు మడిలో ఉండేది ఆడవాళ్లే కాబట్టి వాళ్ల కంట్లో పడిన తేడాలను ముందు అడగండి. చీటీలు తీశాక మనసు మార్చుకోకండి. తూకం వేశాక వచ్చిన అంకె మీకు నచ్చినా నచ్చకపోయినా, వచ్చింది వచ్చినట్టే రాయండి.

– వ్యవసాయ విలేకరి, బాన్సువాడ